ఉద్దానం పెరట్లోంచి ఒక నీహారిక

(శ్రీకాకుళంలో జాతీయ సైన్సు దినోత్సవం సాయంత్రం విద్యార్థులు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల ముందు ఒక స్టూడియో ఫొటోగ్రాఫర్ చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టు రాసినది.)

అందరికీ నమస్కారం.

ముందుగా ఈ ఫొటో మీ చేతుల్లో పెడుతున్నాను. ముందు వరసలో ఉన్న పిల్లలు చూసి వెనక్కి అందించండి. అంచులు పట్టుకోండి, మధ్యలో వేళ్లు పెట్టొద్దు. 12 బై 18 సైజు, పెళ్లి ఆల్బంకి వాడే మ్యాట్ పేపరే. మధ్యలో గులాబీ రంగులో, రెక్కలు విప్పిన పక్షిలా ఉంది చూశారా, అది ఒరయన్ నీహారిక, అంటే ఒరయన్ అనే చుక్కల గుంపులో కనిపించే వాయువు, ధూళి మేఘం. దాని పైన నీలంగా చిన్న పొగలా కనిపించేది ఇంకో నీహారిక. దీన్ని ఏ కొండ మీది అబ్జర్వేటరీలోనూ తియ్యలేదు. కవిటి దగ్గర మా ఊళ్లో, మా ఇంటి పెరట్లో, నూతి గట్టుకీ పశువుల శాలకీ మధ్య ట్రైపాడ్ పెట్టి తీశాను.

నా దగ్గర టెలిస్కోపు లేదు. నేను చేసేది పెళ్లి ఫొటోల పని, సోంపేటలో స్టూడియో. పెళ్లికూతురు తలంబ్రాలు పోస్తుంటే ఏ కెమెరాతో, ఏ 70–200 లెన్స్‌తో తీస్తానో, ఈ ఫొటో కూడా వాటితోనే తీశాను. కాబట్టి ఈ రోజు నేను చెప్పేవన్నీ ఈ హాల్లో ఉన్న ఎవరైనా చెయ్యగలిగిన పనులే. ఆ నమ్మకంతోనే వచ్చాను.

ఇందులోకి ఎలా వచ్చానో ముందు చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం వాళ్లు ఈ సభలో ఉంటే వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. తాతలు నాటిన కొబ్బరి, జీడి, పనస, అన్నీ ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. మా పెరట్లో తూర్పు వైపు ఐదు కొబ్బరి చెట్లు, ఉత్తరం వైపు రెండు పడిపోయాయి. ఇంటి పెంకులు ఎగిరిపోయాయి. లోపల అంతా తడి. మూడు నాలుగు రోజులకి వాన పూర్తిగా వెలిసింది. పెరట్లో మంచం వేసుకుని పడుకున్నాను.

రాత్రి రెండు గంటల వేళ మెలకువ వచ్చింది. కరెంటు లేదు. మా ఊళ్లోనే కాదు, చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ ఒక్క దీపం లేదు. హైవే వైపు ఎప్పుడూ ఉండే ఆ పసుప్పచ్చ మసక కూడా లేదు. అమావాస్య వెళ్లి కొద్ది రోజులే అయింది, చంద్రుడు ముందే దిగిపోయాడు. పైకి చూస్తే ఊపిరి ఆగినంత పనైంది. చిన్నప్పటి నుంచీ మా ఇంటి మీద ఆకాశం అంటే కొబ్బరి మట్టల సందుల్లో కనిపించే ముక్కలే. ఆ రాత్రి మొదటిసారి మొత్తం ఆకాశం కనిపించింది. చెట్లు పోయిన బాధ గొంతులో ఉంది, కళ్లు మాత్రం పైనుంచి కిందికి దిగలేదు. ఆ రెండూ ఒకేసారి ఒక మనిషిలో ఎలా ఉంటాయో నాకు ఇప్పటికీ తెలీదు, కానీ ఉన్నాయి.

కెమెరా తెచ్చాను. బ్యాటరీలో ఒక్క గీత మిగిలింది. ఛార్జింగ్ పెట్టాలంటే జనరేటర్ ఉన్న చోటికి వెళ్లి డబ్బులిచ్చి పెట్టించుకోవాల్సిన రోజులవి. అలికిడికి అమ్మ లేచి, "ఏట్రా, ఈ రేతిరప్పుడు కెమెరా ఏటి?" అంది. నీళ్ల తొట్టి గట్టు మీద తువ్వాలు మడతపెట్టి, దాని మీద కెమెరా వెల్లకిలా ఆనించి, 50 ఎం.ఎం. లెన్స్‌తో ఆరు సెకన్లు తెరిచి ఉంచాను. ఒరయన్‌లో వరసగా ఉండే మూడు చుక్కలు మీ అందరికీ తెలుసు కదా, వాటి పక్కనే చిన్నవి ఇంకో మూడు ఉంటాయి. ఆ చిన్నవాటిలో మధ్యది చుక్కలా రాలేదు. వెనక స్క్రీన్ మీద జూమ్ చేస్తే గులాబీ రంగు మరక. లెన్స్ మీద తడి ఉందేమోనని తుడిచి మళ్లీ తీశాను. అదే చోట, అదే మరక. అమ్మకి చూపించాను. "అక్కడేదో పూసినట్టుందిరా" అంది. ఆ మాట నేను మర్చిపోలేదు.

అక్కడ జరుగుతున్నది కూడా దాదాపు అదే. నక్షత్రాలు పుడుతున్న చోటు అది. హైడ్రోజన్ వాయువు, ధూళి కలిసిన పెద్ద మేఘం. మధ్యలో నాలుగు నక్షత్రాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. వాటిలో పెద్దదాని వేడి సూర్యుడి ఉపరితలం వేడికి ఆరు రెట్ల పైనే. దాని నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి చుట్టూ ఉన్న వాయువుని వెలిగిస్తుంది. మన నుంచి దూరం సుమారు 1,350 కాంతి సంవత్సరాలు. అంటే ఆ రాత్రి నా కెమెరాలో పడిన వెలుగు అక్కడ బయల్దేరేటప్పటికి ఈ నేలని, మన కళింగాన్ని, తూర్పు గంగరాజులు ఏలుతున్నారు. అన్నేళ్లు దారిలో ఉండి, వచ్చి మా నీళ్ల తొట్టి గట్టు మీద దిగింది.

కన్ను చూడలేనిది కెమెరా ఎలా చూసింది? ఈ ఒక్కటి అర్థమైతే మిగిలిన విద్య అంతా అర్థమైనట్టే. కాస్త నిదానంగా చెబుతాను.

తాటిగెలకి కుండ కట్టడం చూసే ఉంటారు. గెల నుంచి చుక్క చుక్కగా కారుతుంది. కింద అరచెయ్యి పెడితే చెయ్యి తడుస్తుంది, అంతే. అదే రాత్రంతా కుండ కట్టి ఉంచితే తెల్లారేసరికి నిండుతుంది. కారే చుక్క మారలేదు, పట్టే పాత్ర మారింది. మన కన్ను అరచెయ్యి లాంటిది. సెకనులో చిన్న భాగం పాటు పడిన వెలుగుని చూపించి, వెంటనే చెరిపేసి, కొత్తది పడుతుంది. లేకపోతే కదిలే బండి కనిపించదు, రోడ్డు దాటలేం. కెమెరా కుండ లాంటిది. షట్టర్ తెరిచినంతసేపూ పడిన వెలుగుని కూడబెడుతుంది. నీహారిక ఫొటో అంటే వెలుగుని కూడబెట్టడమే. కొత్త కెమెరా, ఖరీదైన లెన్స్ ఇవన్నీ తరవాతి మాట. ఎంతసేపు కూడబెట్టావు, ఆ కుండలో చెత్త పడకుండా ఎంత జాగ్రత్తపడ్డావు, అదే అసలు ప్రశ్న.

సరే, ఎప్పుడు తియ్యాలి? దీనికి ఫోన్‌లో యాప్‌లున్నాయి, వాడండి. నేను మాత్రం గోడ మీది క్యాలెండరే చూస్తాను. మన నెలల పేర్లలోనే సమాధానం ఉంది. మార్గశిరం అని ఎందుకన్నారు? ఆ నెల పౌర్ణమికి చంద్రుడు మృగశిర దాపుల్లో ఉంటాడు కాబట్టి. మృగశిర చుక్కలున్నది ఈ ఒరయన్ మండలంలోనే. అంటే మార్గశిర పౌర్ణమికి మన నీహారిక రాత్రంతా ఆకాశంలో ఉంటుంది, కానీ పక్కనే నిండు చంద్రుడు ఉండటంతో వెలవెలబోతుంది. రెండు వారాలు ఆగితే అమావాస్య. అదే మన రాత్రి.

రైతులున్న ఇళ్లలో మృగశిర కార్తె మాట వినే ఉంటారు. జూన్ రెండో వారం, తొలకరి రోజులు. మృగశిర కార్తె అంటే సూర్యుడు మృగశిర దగ్గర ఉన్న రోజులు. కాబట్టి అప్పుడు ఆ చుక్కలు పగలంతా సూర్యుడి వెనకే తిరిగి, ఆయనతో పాటే అస్తమిస్తాయి, రాత్రికి కనిపించవు. రైతు విత్తనానికి చూసే మృగశిర వేరు, నేను ఫొటోకి చూసే మృగశిర వేరు. రెండింటికీ సరిగ్గా ఆరు నెలల తేడా. ఇది మొదటిసారి తట్టినప్పుడు ఎంత సంతోషం వేసిందో! ఈ పేర్లు మనం రోజూ పలుకుతున్నాం, వాటి వెనక ఆకాశం మొత్తం ఉంది. ఆరుద్ర కార్తె కూడా అంతే. ఆరుద్ర అంటే అదే మండలంలో భుజం దగ్గర ఎర్రగా మెరిసే పెద్ద చుక్క. 2019 చివరి నుంచి 2020 ఫిబ్రవరి దాకా ఆ చుక్క మామూలు కళ్లకే తెలిసేంతగా మసకబారి, మళ్లీ పుంజుకుంది. ఆ నెలల్లో నేను రోజూ చూశాను.

నాకు ఇంకో కలిసొచ్చిన విషయం ఉంది. ధనుర్మాసంలో ముహూర్తాలుండవు. డిసెంబరు సగం నుంచి సంక్రాంతి దాకా నా కెమెరాకి పెళ్లిళ్లు లేవు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒరయన్ అర్ధరాత్రి వేళకి నడినెత్తికి కాస్త దక్షిణంగా, 65 డిగ్రీల ఎత్తులో నిలబడుతుంది. సంక్రాంతికి రాత్రి పదింటికే అక్కడికి వస్తుంది. ఈ రోజైతే ఏడింటికి. ఈ సభ అయ్యాక బయటికెళ్లి దక్షిణం వైపు తిరిగి తలెత్తితే చాలు.

ఇక పని గురించి. కింద ట్రైపాడ్ కదలకుండా ఉన్నా, పైన ఆకాశం కదులుతుంది. నిజానికి కదిలేది మనమే, భూమి తిరుగుతోంది. గంటకి 15 డిగ్రీలు. లెన్స్ ఎంత దగ్గరగా లాగితే ఆ కదలిక అంత ఎక్కువగా తెలుస్తుంది. 50 ఎం.ఎం. లెన్స్‌తో ఆరు సెకన్ల దాకా చుక్క చుక్కగానే ఉంటుంది. 200 ఎం.ఎం. పెడితే ఒకటిన్నర సెకను దాటగానే చుక్క గీతవుతుంది. అందుకని నేను ఒక్కో ఫొటో ఒక్క సెకను చొప్పున తీశాను. ఐఎస్ఓ, అంటే పడిన వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపించాలో చెప్పే అంకె, 3200. లెన్స్ లోపలి కన్నం పూర్తిగా తెరిచి 2.8 దగ్గర పెట్టాను. అలాంటివి 900. అన్నీ కలిపితే 15 నిమిషాల వెలుగు. ప్రతి ఐదు నిమిషాలకీ లేచి, జరిగిపోయిన నీహారికని మళ్లీ ఫ్రేము మధ్యకి తెచ్చుకోవాలి.

ఆ 900 ఫొటోల్లో ఏ ఒక్కటి చూసినా ఇసక చల్లినట్టుంటుంది. దాన్ని మేం నాయిస్ అంటాం. వాటిని కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తియ్యాలి. ఇదే స్టాకింగ్. డీప్‌స్కైస్టాకర్, సిరిల్ అని రెండు సాఫ్ట్‌వేర్లున్నాయి, రెండూ ఉచితం. నీహారిక వెలుగు ప్రతి ఫొటోలోనూ ఒకే చోట పడుతుంది. ఇసక మాత్రం ఒక్కో ఫొటోలో ఒక్కోలా పడుతుంది. పేర్చుకుంటూ పోతే ఉన్నది నిలబడుతుంది, లేనిది ఒకదాన్నొకటి చెరుపుకుంటుంది. లెక్క ఏమిటంటే, 4 ఫొటోలు పేరిస్తే ఇసక సగమవుతుంది, 100 పేరిస్తే పదో వంతు, 900 పేరిస్తే ముప్పయ్యో వంతు. వర్గమూలం నేర్చుకున్న పిల్లలకి ఇది ఎందుకో తెలుస్తుంది. నేను వర్గమూలం మళ్లీ నేర్చుకున్నది ఈ ఫొటో కోసమే.

మొదటి ధనుర్మాసంలో 400 ఫ్రేములు వృథా అయ్యాయి. ఫోకస్ పెట్టాను అనుకుని వరసగా తీసుకుంటూ పోయాను. పొద్దున్న కంప్యూటర్‌లో చూస్తే చుక్కలన్నీ చిన్న చిన్న అప్పడాల్లా ఉన్నాయి. చీకట్లో ఆటో ఫోకస్ పనిచెయ్యదు. ఇన్‌ఫినిటీ గుర్తు దగ్గర రింగు పెట్టినా సరిపోదు. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక స్క్రీన్ మీద, బాగా వెలిగే చుక్కని పది రెట్లు పెద్దది చేసుకుని, అది సూది మొనంత అయ్యేదాకా రింగు వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి. అయ్యాక రింగు మీద టేపు అంటించాలి. నేను ఇప్పటికీ ప్రతి అరగంటకీ ఫోకస్ సరిచూసుకుంటాను.

రెండో కష్టం మంచు. నీహారిక అనే మాట నీహారం నుంచి వచ్చింది, నీహారం అంటే మంచే. ఆకాశంలో ఉన్న మంచుని ఫొటో తియ్యబోతే, నేల మీది మంచు వచ్చి లెన్స్ మీద కూర్చునేది. సముద్రం పక్క ఊళ్లు మనవి, గాలిలో తేమ ఎక్కువ. డిసెంబరులో రాత్రి పదకొండు దాటితే లెన్స్ ముందు గాజు ఆవిరి పట్టిన కళ్లజోడులా అయిపోతుంది. గుడ్డతో తుడిస్తే రెండు నిమిషాల్లో మళ్లీ పడుతుంది, పైగా గాజు మీద గీతలు. కారణం ఏమిటంటే, తెరిపి ఆకాశం కింద పెట్టిన వస్తువు తన వేడిని పైకి వదిలేసుకుంటూ చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. చల్లటి చెంబు మీద నీటి బొట్లు పట్టినట్టే దాని మీదా పడుతుంది. చెట్టు కింద పెట్టిన బండి సీటు మీద మంచు తక్కువ, ఆరుబయట పెట్టిన బండి మీద ఎక్కువ, ఎప్పుడైనా గమనించారా? అదే కారణం. కాబట్టి లెన్స్‌ని గాలి కంటే రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉంచితే చాలు.

మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. తవుడు పొడిగా వేయించి, గుడ్డలో మూట కట్టి కాపడం పెట్టుకుంటుంది. ఒక రాత్రి నా అవస్థ చూసి ఆ మూట తెచ్చి ఇచ్చింది. నా పాత చొక్కా చెయ్యి కత్తిరించి, గొట్టంలా కుట్టి, అందులో వెచ్చటి తవుడు నింపి, లెన్స్ మూతికి కాస్త వెనగ్గా చుట్టాను. అరగంట పనిచేసింది. అరగంటకోసారి అమ్మ పొయ్యి మీద మళ్లీ వేయించి ఇచ్చింది. మీ చేతుల్లో ఉన్న ఫొటోలో కొంత వెలుగు ఆ తవుడు కాపడం కిందే పట్టింది. తరవాత పవర్ బ్యాంకుతో పనిచేసే హీటర్ బెల్టు కొన్నాను, రాత్రంతా నిలుస్తుంది. చేతిలో డబ్బు లేని పిల్లలకి మాత్రం తవుడు మూట ఉంది. మూట గాజుకి తగలకుండా చూసుకోండి, పని అయ్యాక లెన్స్‌ని తేమ పీల్చే సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టండి. మన తేమకి లెన్స్ లోపల ఫంగస్ పడుతుంది. పడిందంటే వదలదు.

పెళ్లి ఫొటోగ్రాఫర్లకి తెలిసిన కష్టం ఒకటి ఇక్కడా ఉంది. హోమగుండం మంట, దాని వెనక చీకట్లో కూర్చున్న పెద్దలు, రెండూ ఒకే ఫ్రేములో రావాలి. మంట సరిగ్గా వస్తే పెద్దలు మాయం, పెద్దలు కనిపిస్తే మంట తెల్లటి ముద్ద. ఈ నీహారిక నడిబొడ్డు ఆ హోమగుండమే. అంచులు దాటి పోయే పొగ ఆ వెనక వాళ్లు. షట్టర్ తెరిచి ఉంచే సమయాన్ని ఎక్స్‌పోజర్ అంటాం. అందుకే నడిబొడ్డుకి పొట్టి ఎక్స్‌పోజర్లు, అంచులకి పొడుగువి, విడివిడిగా తీసి కలుపుతాం. ఫొటోలో మధ్యన ఆ నాలుగు నక్షత్రాలు విడివిడిగా కనిపిస్తున్నాయంటే అందుకే.

పొడుగు ఎక్స్‌పోజర్లు కావాలంటే ట్రాకర్ కావాలి. కెమెరాని భూమి తిరుగుడుకి ఎదురుగా, 23 గంటల 56 నిమిషాలకి ఒక చుట్టు చొప్పున తిప్పే చిన్న మోటారు అది. మూడేళ్లు దాచుకుని కొన్నాను. దానితో ఒక్కో ఫొటో నిమిషం, అలాంటివి 120, అంటే రెండు గంటల వెలుగు. కానీ ట్రాకర్ ఇరుసు సరిగ్గా ఆకాశ ధ్రువం వైపు ఉండాలి, అంటే ముందు ధ్రువనక్షత్రం కనిపించాలి. మన దగ్గర అది చాలా కిందికి ఉంటుంది. ఊరి అక్షాంశం ఎంతో ధ్రువుడి ఎత్తు దాదాపు అంతే. మా ఊళ్లో 19 డిగ్రీలు. చెయ్యి చాచి పిడికిలి మీద పిడికిలి పెడితే రెండు పిడికిళ్ల ఎత్తు. అక్కడ ఇళ్లుంటాయి, చెట్లుంటాయి. తుఫానుకి ముందు మా పెరట్లోంచి ధ్రువుణ్ని నేను ఒక్కసారీ చూడలేదు. ఆ ఉత్తరం వైపు పడిపోయిన రెండు చెట్లు సరిగ్గా అక్కడే ఉండేవి.

ఇది ఖరీదైన శాస్త్రవేత్తల పని అనుకునేవాళ్ల కోసం రెండు మాటలు. ఈ నీహారికకి మొట్టమొదటి ఫొటో తీసినది హెన్రీ డ్రేపర్, అమెరికాలో, 1880 సెప్టెంబరు 30న. ఎక్స్‌పోజర్ 51 నిమిషాలు. ఆయన చదువుకున్నది వైద్యం. మూడేళ్లకి, 1883లో, ఇంగ్లండ్‌లో ఆండ్రూ కామన్ తీసిన ఫొటోలో కంటికి కనిపించని నక్షత్రాలు కూడా పడ్డాయి. ఆయన మురుగునీటి పారుదల ఇంజనీరు. ఇద్దరూ మనలాగే ఇష్టం కొద్దీ చేసినవాళ్లే. అంత దూరం ఎందుకు, మన పక్కన విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే సొంత ఇంటి దగ్గర అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా పోవడాన్ని పరిశీలించారు. ఉత్తరాంధ్రలో ఇది పాత అలవాటే. మధ్యలో తెగిపోయింది.

ఇంకొకటి, మన చోటుకి ఉన్న వరం. లండన్ వాళ్లకి ఎప్పటికీ కనిపించని నీహారిక మనకి కనిపిస్తుంది. కెరీనా నీహారిక అంటారు, ఒరయన్ నీహారిక కంటే చాలా పెద్దది. ఉగాది రోజుల్లో రాత్రి పది ప్రాంతంలో దక్షిణ దిక్కున, సుమారు 11 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఉగాది ముందు రోజు ఎలాగూ అమావాస్యే. పెరట్లోంచి కుదరదు, బారువ తీరానికి వెళ్లాలి. దక్షిణం వైపు సముద్రం తప్ప ఇంకేమీ ఉండదు. నేను రెండుసార్లు వెళ్లాను. ఒకసారి పొగమంచు కమ్మేసింది, ఒకసారి దొరికింది.

బారువ అంటే గుర్తొచ్చింది. మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. పిల్లలు రాత్రి పూట ఇసకలోంచి బయటికొచ్చి, ఎటు వెలుగుంటే అటు పాకుతాయి. వేల ఏళ్లుగా రాత్రి తీరంలో ఎక్కువ వెలుగుండేది సముద్రం వైపే, అందుకే వాటికి ఆ అలవాటు. ఇప్పుడు వెనక ఎల్ఈడీ దీపాలుంటే ఊరి వైపు పాకి చచ్చిపోతాయి. నా ఫొటోని పాడుచేసేది, వాటి ప్రాణం తీసేది ఒకటే, పైకీ పక్కలకీ చిమ్మే దీపం. దీపాలు వద్దని నేను అనను. ఆడపిల్లలు ట్యూషన్ నుంచి చీకట్లో నడిచి రావాలని ఎవరంటారు? దీపానికి పైన రేకు టోపీ పెట్టి, వెలుగు రోడ్డు మీదే పడేట్టు చెయ్యమంటున్నాను. మా వీధిలో ఐదు ఇళ్ల వాళ్లతో మాట్లాడి, వాళ్ల వాకిట్లో దీపాలకి నూనె డబ్బా రేకుతో టోపీలు చేసి నేనే బిగించాను. వాళ్ల వాకిలి మునుపటి కంటే బాగా కనిపిస్తోందన్నారు. మీ వీధుల్లో కూడా అడగండి. నాకు ఈ మాట చెప్పడం ఫొటో చూపించడం కంటే ముఖ్యం.

ఇప్పుడు మీరు అడగండి.

(ఎనిమిదో తరగతి విద్యార్థి: సార్, ఆ గులాబీ రంగు నిజమేనా? కంప్యూటర్‌లో వేశారా?)

మంచి ప్రశ్న బాబూ. వెయ్యలేదు, ఉన్న రంగుని పెంచాను. వేడెక్కిన హైడ్రోజన్ 656 నానోమీటర్ల దగ్గర ఎర్రటి వెలుగుని ఇస్తుంది. చీకట్లో పనిచేసే మన కంటి కణాలకి ఆ ఎరుపు అందదు, అందుకే టెలిస్కోపులో చూసినవాళ్లకి ఇది బూడిద రంగులోనో, లేత ఆకుపచ్చగానో కనిపిస్తుంది. ఆ ఆకుపచ్చకి ఒక కథ ఉంది. 1864లో విలియం హగ్గిన్స్ నీహారికల వెలుగుని విడదీసి చూస్తే, భూమి మీద ఏ మూలకానికీ సరిపోని ఆకుపచ్చ గీత కనిపించింది. కొత్త మూలకం అనుకుని నెబ్యులియం అని పేరు కూడా పెట్టారు. 1927లో ఐరా బోవెన్ తేల్చాడు, అది మనం పీల్చే ఆక్సిజనే. రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్. మన గాలిలో అణువులు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఉంటాయి కాబట్టి ఆ వెలుగు ఇచ్చేంత తీరిక వాటికి ఉండదు. అక్కడ అంతా విశాలం, తీరిగ్గా ఇస్తాయి. ఇంకోటి, మామూలు కెమెరాల్లో ఉండే ఫిల్టర్ ఆ 656 ఎరుపుని చాలా వరకు ఆపేస్తుంది. దాన్ని తీయించవచ్చు, కానీ తీస్తే పెళ్లికూతుళ్లందరూ ఎర్రబడతారు. పని కెమెరా కాబట్టి నేను తీయించలేదు.

(ఒక ఉపాధ్యాయుడు: కెమెరా లేని పిల్లలు ఏం చెయ్యాలి?)

మాస్టారూ, ఇంట్లో ఫోన్ ఉంటుంది కదండీ. ప్రో మోడ్‌లో ఐఎస్ఓ 1600, పది సెకన్లు, మూడు సెకన్ల టైమర్. ఫోన్‌ని ఇటుకకి ఆనించి, ముట్టుకోకుండా వదిలెయ్యాలి. ఒరయన్ మొత్తం వస్తుంది. ఆ మూడు చిన్న చుక్కల్లో మధ్యది మిగతావాటిలా ఉండదు, కాస్త గులాబీగా, పొగలా ఉంటుంది. నాకు తొట్టి గట్టు మీద దొరికింది దాని కంటే పెద్దదేం కాదు.

(ఒక తల్లి: చెట్లు పడిపోతే మీకు ఆకాశం కనిపించిందన్నారు. మళ్లీ నాటారా బాబూ?)

నాటామమ్మా. ఆ ఏడాదే. తూర్పున ఐదు, ఉత్తరాన రెండు, ఎక్కడివి అక్కడే. అమ్మ గుంతలు చూపించింది, నేను తవ్వాను. ఉత్తరం వైపు ఒకటి వేరే చోట వేద్దామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. అమ్మకి చెప్పలేదు. ఇప్పుడవి బాగా ఎదిగాయి. కిందటేడు ధనుర్మాసంలో ట్రాకర్ సరిచేస్తుంటే ధ్రువుడు కనిపించి, మాయమై, మళ్లీ కనిపించాడు. మబ్బేమో అనుకున్నాను. కాదు, గాలికి కొబ్బరి మట్ట ఊగుతోంది. ట్రైపాడ్‌ని పడమటికి రెండు బారలు జరిపాను. నూతి గట్టుకి అవతల, తొట్టి పక్కన. అక్కడి నుంచి ఇంకా కనిపిస్తున్నాడు.